టెక్ సందేహాలు: లైటు ఆపడానికి కారు సాఫ్ట్‌వేర్‌నే మార్చేస్తారా?

ప్రశ్న: నాది బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ. రోజూ ఊళ్లోనే ఐదారు కిలోమీటర్లు తిరుగుతాను. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు పదే పదే వెలుగుతోంది. ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) మూసేసి, డీపీఎఫ్ ఖాళీ చేసి, రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు) కొడితే ఇక లైటే రాదని, పికప్ కూడా పెరుగుతుందని మా మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా? – ఖమ్మం పాఠకుడు

వద్దు. ఊరి పేరు మారుతుంది గానీ ఈ ప్రశ్న మాత్రం వస్తూనే ఉంది. లైటు రాదన్న మాట నిజమే. దాన్ని వెలిగించే భాగాన్నే సాఫ్ట్‌వేర్‌లో ఆపేస్తే ఎలా వస్తుంది?

డీపీఎఫ్ డబ్బాను గ్రైండర్‌తో కోసి, లోపలి సిరామిక్ దిమ్మను పగలగొట్టి తీసేసి, మళ్లీ వెల్డింగ్ పెడతారు. బయటికి ఏమీ తెలియదు. ఫిల్టర్‌కి అటూ ఇటూ ఒత్తిడి కొలిచే సెన్సర్‌కి మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. అందుకని ఈసీయూకి, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కి, అబద్ధం నేర్పాలి. నాకు భయం వేసేది ఇక్కడే.

స్టీరింగ్ కింద, కారు లోపాలు చదవడానికి వాడే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి తగిలించే ల్యాప్‌టాప్‌ను ఒకసారి పరిశీలనగా చూడండి. చాలా షెడ్లలో ఉండేవి నకిలీ టూల్, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్. 'యాంటీవైరస్ ఆపండి, ఇంటర్నెట్ పెట్టకండి' అనే సూచన కూడా వాటితోపాటే వస్తుంది. ఆ మాట మీ ఇంట్లో కంప్యూటర్‌కి చెబితే ఒప్పుకుంటారా? ఇక ఎక్కించే ఫైలు ఏదో గ్రూపులోంచి దింపుకున్నది. రాసిందెవరో మెకానిక్‌కీ తెలియదు. ఇంజెక్టర్లు ఎంత డీజిల్ కొట్టాలో, టర్బో ఎంత గాలి తొయ్యాలో, వేడి ఎక్కువైతే పవర్ ఎప్పుడు తగ్గించాలో అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. చేయి తిరగనివాడు డీపీఎఫ్ లోపం చూపే కోడ్‌తోపాటు మీకు నిజంగా అవసరమైన హెచ్చరికలనూ ఆపేస్తాడు. రేపు టర్బో పోతున్నా డ్యాష్‌బోర్డు ప్రశాంతంగానే కనిపిస్తుంది.

దీనికి కొసరుగా 'యాప్‌లో బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) చూసుకోండి సార్' అంటూ, కారు సమాచారాన్ని ఫోన్‌కి పంపే ఒక చవక బ్లూటూత్ డాంగిల్ ఆ సాకెట్‌లోనే వదిలేస్తారు. ఫోన్‌తో జత కలపడానికి వీటిలో చాలావాటి పిన్ నంబరు 1234, కాకపోతే 0000. కారు లోపల భాగాలు మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్, సందేశం ఎవరు పంపారని అడగదు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో బీమా కంపెనీలు వాడే తరహా డాంగిల్‌కి ఎస్సెమ్మెస్ పంపి, నెమ్మదిగా వెళ్తున్న కారుకి బ్రేకులు వేయించి చూపించారు. పని అయిపోగానే డాంగిల్ పీకి జేబులో వేసుకోండి.

మీ అసలు సమస్యకి వస్తే, ఫిల్టర్‌లో చేరిన మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఐదు కిలోమీటర్లకే ఇంజిన్ ఆపేస్తే మసి కాలడం సగంలో ఆగిపోతుంది. అందుకోసం అదనంగా కొట్టిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి, మట్టం పెరిగి ఉంటే ఆయిల్ మార్చాల్సిందే. వారానికోసారి సూర్యాపేట రోడ్డెక్కి ఇరవై నిమిషాలు ఆగకుండా నడపండి. అయినా లైటు పోకపోతే సర్వీస్ సెంటర్‌లో ఫోర్స్‌డ్ రీజెనరేషన్ (కంప్యూటర్‌తో ఆదేశమిచ్చి మసిని కాల్పించడం) చేయించండి.

తయారీదారుల మీదా నాకు కోపముంది. డ్యాష్‌బోర్డు మీద పది అంగుళాల తెర పెడతారు, అందులో పాటలు, మ్యాపులు, రంగు రంగుల లైట్లు. మసి ఎంత శాతం నిండిందో, ఇప్పుడు కాలుతోందో లేదో మాత్రం చాలా కార్లలో చెప్పరు. ఆ అంకె ఈసీయూలో ఉండనే ఉంది! 'మసి కాలుతోంది, పది నిమిషాలు ఇంజిన్ ఆపకండి' అని ఒక్క వాక్యం చూపిస్తే ఇలాంటి ఉత్తరాల్లో సగం రావు. అది చెప్పకుండా, ఊళ్లో తిరగడానికి డీజిల్ కారు అమ్మేసి, లైటు వెలిగాక మాన్యువల్ చదవలేదా అంటారు. ఆ కోపంతో ఫిల్టరే పీకేయడం ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే.

ప్రశ్న: ఏడాది కిందట ఇవన్నీ తీయించాను. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. మొన్న సర్వీస్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక లైట్లన్నీ వెలిగి, పికప్ లేక కారు ఈడుస్తోంది. – రాజమండ్రి పాఠకుడు

అప్‌డేట్ మీ రీమ్యాప్‌ను చెరిపేసి కంపెనీ ఫైలు ఎక్కించింది. అది డీపీఎఫ్ కోసం వెతికితే డబ్బా ఖాళీ. మళ్లీ రీమ్యాప్ జోలికి పోకుండా కొత్త ఫిల్టర్ బిగించండి, ఖర్చు గట్టిగానే అవుతుంది. సర్టిఫికెట్ సంగతంటారా, పొల్యూషన్ చెక్ చేసే వ్యాన్‌లో డీజిల్ కారుకి చూసేది పొగ చిక్కదనం ఒక్కటే. ఈజీఆర్ మూస్తే పెరిగే నైట్రోజన్ ఆక్సైడ్లను ఆ మిషన్ కొలవదు. పైగా ఈజీఆర్ మూస్తే ఇంజిన్‌లో పుట్టే మసి కాస్త తగ్గుతుంది కూడా! చట్టం అంత గుడ్డిది కాదు. మోటారు వాహనాల చట్టం 182ఏ కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ప్రశ్న: ఇంజిన్‌కి వెళ్లే గాలిని వడకట్టే ఫిల్టర్ బదులు కోన్ ఆకారపు ఫిల్టర్ పెడితే మైలేజీ పెరుగుతుందా? – కర్నూలు పాఠకుడు

కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా బయటి చల్లగాలి తీసుకుంటుంది. అడ్డు లేకుండా బిగించిన కోన్, బానెట్ కింది వేడిగాలి పీలుస్తుంది. నూనె రాసే రకమైతే అది ఎగిరి ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కి పడుతుంది. మీ ఊరి దుమ్ముకి పేపర్ ఫిల్టర్ త్వరత్వరగా మార్చుకోండి, చాలు.