టెక్ సందేహాలు: కొత్త ఎయిర్ రైఫిలా, సెకండ్ హ్యాండా?

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. గచ్చిబౌలి రేంజ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ క్లబ్ రైఫిల్‌తోనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు సొంతది కొనమని కోచ్ అంటున్నారు. కొత్తది కొనాలంటే అప్పు చేయాలి. ఒక సీనియర్ షూటర్ తన 2014 నాటి జర్మన్ రైఫిల్‌ని సగం ధర కన్నా తక్కువకే ఇస్తానంటున్నారు. పదేళ్లు దాటిన వస్తువు కదా, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? (ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: అమ్మా, అప్పు చేయకండి. ఆ పాత రైఫిలే చూడండి. కాకపోతే గాలి నింపే కొత్త సిలిండర్ ఖర్చు కూడా కలుపుకొని బేరమాడండి.

పాత ఫోన్ కొనొద్దని ఈ శీర్షికలో తరచూ చెబుతుంటాను. అప్‌డేట్లు ఆగిపోతే ఫోన్ ఎంత బాగున్నా దాని పని అయిపోయినట్టే. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్ లెక్క వేరు. ఇది సింగిల్ షాట్. ఒక్కో పెల్లెట్‌ని, అంటే చిన్న గుండుని, చేత్తో పెట్టి, ఒక్కోసారి కాల్చాలి. పెల్లెట్ మెత్తటి సీసం, బరువు అర గ్రాముకు కాస్త ఎక్కువ. బ్యారెల్ నుంచి బయటకొచ్చే వేగం సెకనుకు 170 నుంచి 175 మీటర్లు. మందుగుండు లేదు, మంట లేదు. అందుకే ఉక్కు బ్యారెల్ ఏళ్ల తరబడి వాడినా అంత తొందరగా అరగదు. క్లీనింగ్ పేరుతో ఇనుప కడ్డీ దూర్చి మూతి దగ్గర గీతలు పెడితేనే ఎక్కువగా పాడవుతుంది. టార్చ్ వేసి ఆ అంచు ఒకసారి చూడండి.

పాతబడేవి వేరే ఉన్నాయి. మొదటిది సిలిండర్. 200 బార్ ఒత్తిడితో గాలి నింపుకునే ఈ గొట్టం మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. గడువు సాధారణంగా పదేళ్లు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి వెళ్తే పరికరాల తనిఖీలో ఆపేయొచ్చు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లో ఆ గడువు చూసుకునే బాధ్యత షూటర్‌దే. పోటీ సంగతి పక్కన పెట్టినా, మీ పాప చెంపకు జానెడు దూరంలో ఉండే వస్తువు అది. 2014 సిలిండరే ఇంకా ఉంటే దానిలో గాలి నింపించకండి. ఆ మోడల్‌కి సరిపడే కొత్త సిలిండర్ దొరుకుతుందో లేదో అడ్వాన్స్ ఇచ్చే ముందే కనుక్కోండి. కంపెనీని బట్టి మరలు మారతాయి. దొరకదంటే ఆ బేరం వదిలేయండి, ఎంత చవకైనా సరే.

రెండోది రెగ్యులేటర్. సిలిండర్‌లోని ఒత్తిడిని తగ్గించి, ప్రతి షాట్‌కీ ఒకే మోతాదులో గాలి ఇచ్చే భాగం ఇదే. లోపలి సీలు అరిగితే గాలి మెల్లగా లీకై ముందుకు చేరుతుంది. అప్పుడు కాసేపు ఆగి కాల్చిన మొదటి షాట్ వేగం పెరుగుతుంది. టార్గెట్‌లో పది పాయింట్లు ఇచ్చేది అర మిల్లీమీటరు చుక్క కదా, అక్కడ ఈ తేడా కూడా లెక్కలోకి వస్తుంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ రేంజ్‌లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. పది షాట్లు కొట్టించి వేగాలు రాసుకోండి. రైఫిల్‌ని పదిహేను నిమిషాలు పక్కన పెట్టి మళ్లీ ఒకటి కొట్టించండి. ఆ ఒక్కటీ మిగతా వాటి కన్నా బాగా ఎక్కువగా వస్తే రెగ్యులేటర్ సర్వీస్‌కి వచ్చినట్టే. అది చేయించదగ్గ రిపేరే. కొనడం మానక్కర్లేదు, ధర తగ్గించమనండి. గడువు ఉన్న సిలిండర్‌ని నింపి రాత్రంతా ఉంచి, పొద్దున మీటర్ ముల్లు ఎక్కడుందో చూస్తే లీకేజీ కూడా తేలిపోతుంది.

ఆ తర్వాత రైఫిల్‌ని వైస్‌లో బిగించి, మీరు కొనబోయే పెల్లెట్లతోనే పది మీటర్ల నుంచి పది షాట్లు కొట్టించండి. మంచి రైఫిల్ అయితే పదీ దాదాపు ఒకే రంధ్రంలోంచి వెళ్తాయి. చెదిరితే ముందు పెల్లెట్ మార్చి చూడండి. 4.49, 4.50 మిల్లీమీటర్లు అని పెల్లెట్ తల కొలతలో కొద్ది తేడాతో డబ్బాలు దొరుకుతాయి. ఒక బ్యారెల్‌కి నచ్చింది ఇంకో దానికి నచ్చకపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, పాప ఒంటికి అది సరిపడటం. నియమం ప్రకారం రైఫిల్ బరువు ఐదున్నర కిలోల వరకు ఉండొచ్చు. అంటే అంత బరువు మోయాలని కాదు. పదమూడేళ్ల పిల్ల నిలబడి 60 షాట్లు కొట్టాలి, అందుకు గంటా పదిహేను నిమిషాలు ఉంటాయి. బరువు నడుము మీద పడుతుంది. అలవాటైన వంకర భంగిమను తర్వాత సరిదిద్దడం రైఫిల్ మార్చడమంత తేలిక కాదు. ఆ సీనియర్ రైఫిల్‌కి బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు, చెంప ఆనించే భాగం ఎత్తు పాప కొలతకు తగ్గించే వీలుందా, కుడిచేతి వాటానికి చేసిందా, ఎడమచేతిదా చూడండి. కోచ్ పక్కన ఉండగా పాప దాన్ని ఒక పూటంతా వాడి చూడాలి. ఈ ఒక్కటి కుదరకపోతే మిగతావన్నీ బాగున్నా కొనొద్దు. అప్పుడు తేలికైన జూనియర్ మోడల్ కొత్తది కొనడానికి అర్థం ఉంటుంది. ఎదిగే పిల్లలకు పెద్దల టాప్ మోడల్ మాత్రం కొత్తదైనా నేను వద్దంటాను.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉందని ఎక్కువ అడిగితే ఇవ్వకండి. మంచి మెకానికల్ ట్రిగ్గర్ ఈ స్థాయికి నిక్షేపంగా సరిపోతుంది.

పేపర్ల సంగతి మర్చిపోవద్దు. విదేశం నుంచి ఎవరి పేరు మీద వచ్చింది, బిల్లు ఉందా, సుంకం మినహాయింపుతో తెప్పించారా అని అడగండి. మినహాయింపుతో వచ్చిన వాటిని తిరిగి అమ్మడానికి షరతులు ఉండొచ్చు. తెలంగాణ రైఫిల్ అసోసియేషన్‌లో అడిగాకే డబ్బు ఇవ్వండి.

మిగిలిన డబ్బు పెల్లెట్లకి, పాప కొలతకు కుట్టిన షూటింగ్ జాకెట్‌కి, కోచింగ్‌కి పెట్టండి. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ హైదరాబాదీ దారిలో నడవాలనుకునే పిల్లలు మన ఊళ్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ల ఇళ్లలో అప్పుల గొడవ ఉండకూడదని నా కోరిక.

ప్రశ్న: మా బాబాయ్ దగ్గర పక్కన లివర్ ఉన్న చాలా పాత మ్యాచ్ రైఫిల్ ఉంది. సిలిండరే లేదు. అది పనికొస్తుందా? (డిగ్రీ విద్యార్థి, సికింద్రాబాద్)

జవాబు: పనికొస్తుంది, నేర్చుకోవడానికి భేషుగ్గా. లివర్ ఒక్కసారి లాగి మూస్తే ఒక షాట్‌కి సరిపడే గాలి లోపల బిగుసుకునే రకం అయ్యుంటుంది. ఫైన్‌వెర్క్‌బావ్ 600 వరుస, అన్షుట్జ్ 2002 అనే జర్మన్ మోడళ్లు ఇలాంటివే. సిలిండర్ లేదు కాబట్టి గడువు బెడద లేదు, గాలి నింపించే ఖర్చూ లేదు. ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే సీళ్లు ఎండిపోయి ఉంటాయి. తెలిసిన మెకానిక్‌తో మార్పించాకే వాడండి. ప్రతి షాట్‌కీ లివర్ లాగాలి కాబట్టి చిన్న పిల్లలకు చేతులు నొప్పెడతాయి. మీ వయసుకు ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ కావాలా? మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ప్రాక్టీస్ చేయొచ్చా? కారులో తీసుకెళ్లేటప్పుడు జాగ్రత్తలేమిటి? (ఉద్యోగి, మియాపూర్)

జవాబు: 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల బోర్ (బ్యారెల్ లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌లకు లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి దాదాపు ఎనిమిది జౌళ్లే ఉంటుంది. గుర్తింపు కార్డు, బిల్లు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. టెర్రస్ మీద వద్దు. గురి తప్పిన పెల్లెట్ పక్కింటి పిల్లాడి కంటికి తగలొచ్చు, పెల్లెట్‌కి ఆ శక్తి ఉంది. ఇంట్లో పెల్లెట్ లేకుండా గోడ వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కే డ్రై ప్రాక్టీస్ చేయండి, నిలకడ అక్కడే వస్తుంది. రైఫిల్ ఖాళీగా ఉందని ముందు మీ కళ్లతో చూసుకోండి.

గాలి నింపిన సిలిండర్‌ని ఎండాకాలంలో కారు డిక్కీలో వదిలి వెళ్లకండి, వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నింపేది పొడి గాలే కావాలి. ఆక్సిజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, పేలే ప్రమాదం ఉంది. పెల్లెట్లు సీసం కాబట్టి రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినండి.