బరంపురం సర్వరుకి బిల్లులు చేరుతున్నాయా?

ప్రశ్న: పర్లాకిమిడిలో మాకు మందుల హోల్‌సేల్ దుకాణం ఉందండి. బిల్లులన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనే. తుఫాను భయంతో బరంపురంలో మా చిన్నాన్నగారింట్లో స్టాండ్‌బై సర్వరు (ఇక్కడి బిల్లుల నకలు ఎప్పటికప్పుడు ఉంచుకునేది) పెట్టించాం. ఎప్పుడు చూసినా ఆన్‌లోనే ఉంటుంది. సోమవారం పొద్దున్న దుకాణం తెరవక ముందు చూస్తే మాత్రం ఒకటిన్నర రోజు వెనకబడినట్టు కనిపించింది. బిల్లులు అక్కడికి చేరుతున్నట్టా, లేనట్టా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ఆదివారం మీరు దుకాణం తెరవరు కదా! మీరు చూసింది పీజీ_లాస్ట్_ఎక్సాక్ట్_రీప్లే_టైమ్‌స్టాంప్ అయి ఉంటుంది. స్టాండ్‌బై ఆఖరుగా అమలు చేసిన లావాదేవీ సమయం అది. శనివారం రాత్రి తర్వాత బిల్లే పడకపోతే, అంతా సవ్యంగా ఉన్నా ఆ సమయానికీ ఇప్పటి టైముకీ తేడా పెరుగుతూనే పోతుంది.

దీనికంటే ప్రమాదకరమైంది ఇంకొకటి ఉంది. డేటాబేస్ తన మార్పులన్నీ వరుసగా రాసుకునే చిట్టాని వాల్ అంటారు, అందులో ఎక్కడిదాకా వచ్చామో చెప్పే గుర్తు ఎల్‌ఎస్‌ఎన్. స్టాండ్‌బైలో అందిన ఎల్‌ఎస్‌ఎన్, అమలైన ఎల్‌ఎస్‌ఎన్ సమానంగా ఉన్నాయని చాలామంది నిశ్చింతగా ఉంటారు. లింకు తెగిపోయినా అవి సమానంగానే ఉంటాయమ్మా. అందింది అందినట్టు అమలైపోయింది, కొత్తది రావడం లేదు, అంతే. అందుకే పర్లాకిమిడి సర్వరులోనే చూడాలి. అక్కడ కలిసి ఉన్న స్టాండ్‌బైలని చూపించే పీజీ_స్టాట్_రెప్లికేషన్‌లో బరంపురం వరుస ఉందా, స్టేట్ దగ్గర 'స్ట్రీమింగ్' అని ఉందా? ఉంటే పీజీ_కరెంట్_వాల్_ఎల్‌ఎస్‌ఎన్‌కీ, ఆ వరుసలోని రీప్లే_ఎల్‌ఎస్‌ఎన్‌కీ తేడా చూడండి, బరంపురం వెనకబడింది అంతే. వరుసే లేకపోతే బరంపురం మీతో మాట్లాడటం లేదన్నమాట.

నేనైతే ఇంకో పనీ చేయిస్తాను. ఒక చిన్న టేబుల్ పెట్టి, ఐదు నిమిషాలకోసారి అప్పటి టైము అందులో రాసేలా క్రాన్ (చెప్పిన వేళకి పని దానంతట అదే చేసేది) పెట్టిస్తాను. బరంపురంలో ఆ టేబుల్ చదివితే ఆదివారమైనా, పండగైనా అసలు ఆలస్యం తెలిసిపోతుంది. రెండు మెషీన్ల గడియారాలూ కలిసి ఉండాలి సుమా.

2013 ఫైలిన్ మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ గజపతి జిల్లాని ఎంత ఏడిపించిందో మీకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు బరంపురం సర్వరు రోజుల తరబడి ఆగిపోతే? స్టాండ్‌బై ఎంతవరకు తీసుకుందో గుర్తుపెట్టుకునే రెప్లికేషన్ స్లాట్ మీరు పెట్టుకుని ఉంటే, బరంపురం తీసుకోని వాల్ ఫైళ్లన్నీ మీ డిస్కులోనే పేరుకుపోతాయి. డిస్కు నిండితే మీ బిల్లింగే ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్ నుంచి మాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అని ఉంది, దానికి హద్దు పెట్టించండి. హద్దు దాటితే స్టాండ్‌బైని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి రావచ్చు. ఫరవాలేదు, దుకాణం నడుస్తుంది.

అన్నట్టు, ఇక్కడ ఎవరైనా పొరపాటున బిల్లులు చెరిపేస్తే మరుక్షణంలో అక్కడా చెరిగిపోతాయి. కాబట్టి రోజూ రాత్రి పీజీ_డంప్‌తో బ్యాకప్ తీసి వేరే డిస్కులో దాచండి.