దిగడానికి కాళ్లు మిగలాలి

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

ముందు మహేంద్రగిరి, తర్వాత దేవమాలి, ఆపైన హిమాలయం అని రాశావు. వరస బాగుంది. 1501 మీటర్ల మహేంద్రగిరి మన గజపతి జిల్లాలోనే ఉంది, 1672 మీటర్ల దేవమాలి కొరాపుట్‌లో ఉంది. ఎక్కడం గురించి చెప్పేవాళ్లు నీకు బోలెడుమంది దొరుకుతారు. నేను దిగడం గురించి చెబుతాను. మోకాళ్లు పట్టేసేదీ, చీలమండ మడతపడేదీ ఎక్కువగా అప్పుడే. ఒంట్లో సత్తువ, బుర్రలో జాగ్రత్త రెండూ అయిపోయే వేళ అది.

పది వారాల ముందు నుంచి వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున మెట్లెక్కు. మూడో వారం నుంచి వీపుసంచిలో నీళ్లసీసాలు పెట్టు. మూడు కేజీలతో మొదలుపెట్టి వారానికో కేజీ పెంచుకుంటూ ఎనిమిది దాకా వెళ్లు. చివరి విడత డాబా మీదకి చేరాక ఆ నీళ్లు కుండీల్లో పోసేసి దిగు, మోకాళ్లకు అరుగుదల తగ్గుతుంది. కానీ ఎక్కడమొక్కటే సాధన చేస్తే చాలదు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూ బరువు మోస్తుంది, ఆ అలవాటు వేరు. దానికి ఒక పని చెయ్యి. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలిని నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా కిందకి దించు. మడమ నేలకు తగలగానే, దానిమీద బరువు వెయ్యకుండా పైకి తీసుకో. కాలికి పదేసి, మూడు విడతలు. మోకాలు లోపలికి వాలుతోందంటే ఎక్కువ చేస్తున్నావన్నమాట.

బూట్లు సాయంత్రం కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. లేసు వదులుచేసి వేళ్లను ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి. దిగే ముందు చీలమండ దగ్గర లేసు మళ్లీ బిగించు, లేకపోతే పాదం ముందుకు జారి గోళ్లు నల్లబడతాయి. ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే ఆగి టేపు వెయ్యి. బొబ్బ లేచాక వేస్తే ఉపయోగం లేదు.

వేళ లెక్క ఇంటి దగ్గరే కట్టుకో. చదునులో గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఓ గంట. ఇది 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన చెప్పిన లెక్క. మన ఎండకూ బరువుకూ దానిమీద సగం కలుపు. వెనక్కి తిరిగే వేళ కూడా ముందే రాసిపెట్టుకో. శిఖరం కళ్లెదుట ఉన్నప్పుడు మనసునడిగితే "ఇంకో పది నిమిషాలే" అంటుంది. కొండమీదే కాదు, అప్పు చేసేటప్పుడూ మాటకు మాట పెరిగేటప్పుడూ మనిషిని కాపాడేది ముందే గీసుకున్న ఆ గీతే. వేసవిలో మధ్యాహ్నం గాలివానలూ పిడుగులూ ఉంటాయి, పదకొండుకల్లా శిఖరం వదిలెయ్యి.

గుంపులో అందరికన్నా నెమ్మదైనవాణ్ని ముందు నడవనీ. వెనక పడ్డవాడు రొప్పుతూ వచ్చి చేరేసరికి మిగతావాళ్లు లేచి నడిచేస్తే, విశ్రాంతి అక్కర్లేనివాళ్లకే దక్కినట్టు. అతను కూర్చుని, నీళ్లు తాగి, ఊపిరి తీసుకున్నాకే మీరు లేవాలి.

పైన మన ఊరికన్నా ఎనిమిది తొమ్మిది డిగ్రీలు తక్కువుంటుంది. చెమటకు తడిసిన నూలుచొక్కా వణికిస్తుంది, పొడిది ఒకటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకో.

హిమాలయానికి తొందర వద్దు. ఉత్తరకాశీలోనో డార్జిలింగ్‌లోనో 28 రోజుల పర్వతారోహణ బేసిక్ కోర్సు చేశాకే వెళ్లు. 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా భువనగిరి బండ మీద సాధన చేసిన పిల్లే. 3000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రికన్నా 500 మీటర్లకు మించి పెరగకూడదు. తలనొప్పి, వికారం ఉంటే పైకి ఒక్క అడుగు వద్దు. తగ్గకపోతే దిగిపో. నడక తూలుతోందన్నా, కూర్చున్నా ఆయాసం ఆగట్లేదన్నా అర్ధరాత్రయినా దిగాల్సిందే.

మహేంద్రగిరికి మొదటిసారి శివరాత్రి జనంలో వెళ్లకు, తోపులాటలో నీ నడక నీకు తెలియదు. కార్తీకం వెళ్లాక ఒక మామూలు రోజున, అక్కడి సవర ఊళ్లలో దారి తెలిసిన మనిషిని అడిగి వెంటబెట్టుకో. ఏ దారిన వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో కాగితం మీద రాసి మీ అమ్మ చేతికిచ్చి బయల్దేరు.

ఇట్లు,
మీ పెద్దమావయ్య