దీపావళి టపాసుల కొట్టుకు లైసెన్స్ అడిగే రూల్ ఎప్పటిది?

ఇది స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన రూల్ కాదు, బ్రిటిష్ వాళ్ల కాలం నాటిదే.

1857 తిరుగుబాటు తర్వాత జనం చేతుల్లో తుపాకీ మందు ఉండటమే ప్రభుత్వానికి పెద్ద టెన్షన్ అయింది. లిట్టన్ వైస్రాయ్‌గా ఉండగా 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్స్ లేకుండా తుపాకులు, మందుగుండు తయారుచేయకూడదు, అమ్మకూడదు. మందుకు కావలసిన సూరేకారం, గంధకం, బొగ్గులో బొగ్గును ఎవరూ ఆపలేరు కదా! అందుకే అవసరమైన చోట నోటిఫికేషన్ ఇచ్చి సూరేకారం, గంధకాల మీద కూడా ఆంక్షలు పెట్టే వీలు చట్టంలోనే ఉంచుకున్నారు. యూరోపియన్లకు మాత్రం లైసెన్స్ నుంచి మినహాయింపు! మనవాళ్లకు మండింది అక్కడే.

ఆ చట్టం పోయి 1959లో కొత్తది వచ్చింది. కానీ ప్రమాదాల కోణంలో తెచ్చిన 1884 పేలుడు పదార్థాల చట్టం సవరణలతో ఇప్పటికీ నడుస్తోంది. టపాసులు దాని కిందికే వస్తాయి. 2008 నిబంధనల ప్రకారం తాత్కాలిక కొట్ల మధ్య కనీసం 3 మీటర్ల ఖాళీ ఉండాలి, ఒకదానికొకటి ఎదురుగా ఉండకూడదు, ఒక్కచోట 50కి మించకూడదు. మైదానంలో రేకుల షెడ్లన్నీ ఒకే వైపు తిరిగి ఉండేది ఇందుకే.