వాషింగ్టన్‌తో ఆటలో నాలుగో డౌన్‌లో పంట్ చేయించకపోవడం డాన్ లానింగ్ తప్పేనా?

ప్రశ్న: 2023 అక్టోబరు 14న సియాటిల్‌లో వాషింగ్టన్‌తో జరిగిన అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఆటలో ఒరెగాన్ 33–29తో ముందుంది. మిగిలింది 2 నిమిషాల 11 సెకన్లు. వాషింగ్టన్ 47 గజాల గీత దగ్గర ఒరెగాన్‌కు నాలుగో డౌన్, కావలసింది 3 గజాలు. కోచ్ డాన్ లానింగ్ పంట్ వద్దని ఆడించారు. అది విఫలమైంది, చివరికి 36–33తో ఓడిపోయారు. చేతిలో ఉన్న ఆటను పారేసుకోవడం కాదా ఇది? ఆ తర్వాతైనా ఆయన మారారా?

జవాబు:

పారేసుకోవడం కాదు. ఆ రోజు లానింగ్ నాలుగో డౌన్‌లో మూడుసార్లు సాహసం చేసి మూడుసార్లూ విఫలమయ్యారు. వాటిలో ఒకదాన్ని నేను ఒప్పుకోను. కానీ అది మీరు అడిగిన చివరిది కాదు.

నేను ఎవరి పక్షమో ముందే చెబుతాను. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదివాను, చదువయ్యాక సియాటిల్ ప్రాంతంలోనే ఉద్యోగం, కాపురం. ఇక్కడి తెలుగు స్నేహితుల్లో చాలామంది శనివారాలు క్రికెట్ మైదానంలో గడుపుతారు. నేను వాషింగ్టన్ జట్టు ఆడే హస్కీ స్టేడియానికి వెళతాను. ఆ ఆటను కూడా ఊదారంగు చొక్కా వేసుకుని వాషింగ్టన్ అభిమానుల మధ్యే కూర్చుని చూశాను. ఒరెగాన్ ఓడిపోతే పండగ చేసుకునేవాళ్లం మేము. కాబట్టి లానింగ్‌ను వెనకేసుకు రావలసిన అవసరం నాకు ఏమాత్రం లేదు.

ఈ ఆట తెలియనివారి కోసం ఒక్క మాట. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. మూడింటితో పని కాకపోతే నాలుగోసారి పంట్ చేయడం పాత అలవాటు, అంటే బంతిని వీలైనంత దూరం తన్ని ఎదుటివారికి అప్పగించడం. అలా తన్నకుండా ఆడి విఫలమైతే బంతి ఉన్నచోటే ఎదుటివారి చేతికి వెళ్లిపోతుంది. బంతిని ఎదుటివారి గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు; ఆ తర్వాత కిక్ కొడితే ఇంకొకటి, కిక్ బదులు మళ్లీ గీత దాటిస్తే రెండు. బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు.

ఇప్పుడు ఆ చివరి నిమిషాలు. అంతకు కాస్త ముందు వాషింగ్టన్ ఒరెగాన్ గోల్ గీత ముంగిటికి వెళ్లి నాలుగో డౌన్‌లో ఆగిపోయింది. అప్పుడు కూడా ఒరెగాన్ నాలుగు పాయింట్లు ముందుంది. మా అప్పటి కోచ్ కాలెన్ డీబోర్ అక్కడ సులభంగా వచ్చే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ వద్దనుకుని టచ్‌డౌన్ కోసమే వెళ్లారు, దొరకలేదు. ఆ నిర్ణయం గురించి నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మేం గెలిచాం గనుక ఆ సాహసం ఎవరికీ గుర్తు లేదు. లానింగ్ ఓడిపోయారు గనుక ఆయన సాహసం మీద ఇంత చర్చ. ఒకే ఆట, ఒకే తరహా నిర్ణయం, రెండూ విఫలం. మరి ఒకరికే ఎందుకు శిక్ష?

ఆ తర్వాత ఒరెగాన్ తన గోల్ గీత దగ్గర నుంచి మొదలుపెట్టి మైదానం మధ్య దాకా వచ్చేసింది. మా రక్షణ ఆటగాళ్లు వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. నాలుగో డౌన్‌కు ఒరెగాన్ పంట్ జట్టు మైదానంలోకి రావాలని మా వరుసలో అందరూ కోరుకున్నాం. నా పక్క సీటు పెద్దాయన ఎన్నో ఏళ్లుగా ఈ స్టేడియానికి వస్తున్న మనిషి. ఒరెగాన్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) బో నిక్స్ బయటకు వెళ్లకుండా అక్కడే నిలబడటం చూసి ఆయన తల పట్టుకున్నారు. బంతి మా చేతికి ఎలాగైనా వస్తే చాలు, మిగతాది మా క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్ చూసుకుంటాడని మాకు నమ్మకం. మా భయమంతా ఆ బంతి అసలు రాదేమోనని. మూడే మూడు గజాలు దొరికితే ఒరెగాన్ మిగిలిన సమయాన్ని నిదానంగా కరిగించి ఇంటికి వెళ్లిపోతుంది. ఎదుటి జట్టు దేనికి భయపడుతుందో ఆ పనే లానింగ్ చేశారు.

లెక్క కూడా చూద్దాం. ఇవి నా అంచనాలే, మీకు నచ్చినట్టు మార్చుకోండి. సఫలమైతే ఒరెగాన్ గెలిచే అవకాశం నూటికి 96 అనుకుందాం. పంట్ చేస్తే వాషింగ్టన్‌కు 85, 90 గజాలు మిగులుతాయి, రెండు నిమిషాలు ఉంటాయి. ఎదురుగా ఉన్నది ఆ ఏడాది దేశంలోని ఉత్తమ క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడు. కాబట్టి ఒరెగాన్‌కు 77 ఇద్దాం. విఫలమైతే వాషింగ్టన్ వెళ్లవలసింది 53 గజాలు. అయినా నాలుగు పాయింట్ల తేడా ఉంది గనుక ఫీల్డ్ గోల్ సరిపోదు, టచ్‌డౌనే కావాలి. కాబట్టి అప్పుడు కూడా ఒరెగాన్ గెలిచే అవకాశం 60 వేద్దాం. ఈ అంకెలతో మూడు గజాలు సాధించే అవకాశం సగానికి కొంచెం తక్కువ ఉన్నా పంట్‌తో సమానమవుతుంది. నిక్స్ ఆ రోజు 337 గజాలు విసిరాడు. అతను మూడు గజాలు సాధించే అవకాశం సగం కన్నా ఎక్కువేనని మా స్టాండ్‌లోని వాళ్లు కూడా ఒప్పుకునేవారు. పెనిక్స్ బదులు సాధారణ క్వార్టర్‌బ్యాక్ ఉంటే పంట్ విలువ పెరుగుతుంది, అప్పుడు నేనూ తన్నమనే అనేవాణ్ని.

జరిగింది మాత్రం రెండు ప్రయత్నాల్లో అయిపోయింది. పెనిక్స్ జాలిన్ పోల్క్‌కు 35 గజాలు, తర్వాత రోమ్ ఒడున్‌జేకు 18 గజాలు విసిరాడు. టచ్‌డౌన్. ఇంకా 1 నిమిషం 38 సెకన్లు మిగిలాయి. ఈ 1:38ని చాలామంది మరిచిపోతారు. పంట్ చేసి ఉంటే, వాషింగ్టన్ నెమ్మదిగా వచ్చి చివరి సెకన్లలో టచ్‌డౌన్ చేసి ఉంటే, ఒరెగాన్‌కు బదులు చెప్పే సమయమే ఉండేది కాదు. తొందరగా విఫలమైనందువల్ల ఒరెగాన్‌కు ఇంకో అవకాశం దక్కింది. మళ్లీ మైదానం దాటి వచ్చి 43 గజాల ఫీల్డ్ గోల్ ప్రయత్నించారు. అది లోపలికి వెళ్లి ఉంటే స్కోరు సమం, ఆట అదనపు సమయానికి వెళ్లేది. బంతి పక్కకు పోయింది. నేను గొంతు పోయేలా అరిచాను.

ఇక నేను ఒప్పుకోని నిర్ణయం. మొదటి సగం ముగుస్తున్న క్షణాల్లో ఒరెగాన్‌కు 3 గజాల దూరంలో గోల్ గీత, నాలుగో డౌన్. ఫీల్డ్ గోల్ తీసుకోలేదు, టచ్‌డౌన్ రాలేదు. విరామానికి వాషింగ్టన్ 22–18తో ముందు వెళ్లింది. మూడో పావులో మళ్లీ 8 గజాల గీత దగ్గర అదే జరిగింది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ కావు. మూడో పావులో విఫలమైతే ప్రత్యర్థికి బంతి తన గోల్ గీత దగ్గరే వస్తుంది, అక్కడ నుంచి ఆడటం కష్టం. అంటే విఫలమైనా ఎంతో కొంత మిగులుతుంది. సగం ముగిసేటప్పుడు ఆ లాభం లేదు. గడియారం ఆగిపోతుంది, రెండో సగం కొత్త కిక్‌తో మొదలవుతుంది. అప్పుడు లెక్క కేవలం ఏడు పాయింట్లకూ మూడు పాయింట్లకూ మధ్యే. గోల్ గీత ముందు మైదానం ఇరుకు, రక్షణ మొత్తం ఒకచోటే గుమిగూడుతుంది, పరుగెత్తడానికి వెనక చోటు ఉండదు. నేనైతే ఆ మూడు పాయింట్లు తీసుకునేవాణ్ని. అలాగని ఆ మూడూ కలుపుకుంటే ఒరెగాన్ ఓడేది కాదనే వాదనను నేను నమ్మను. స్కోరు మారితే తర్వాతి ప్రతి నిర్ణయమూ మారుతుంది, మా కోచ్‌ది కూడా.

లానింగ్ మీద కోపం అంతగా రావడానికి వెనక ఇంకో కథ ఉంది. ముందు ఏడాది, 2022 నవంబరు 12న ఒరెగాన్ సొంత ఊరు యూజీన్‌లో ఇవే రెండు జట్లు 34–34 సమంగా ఉన్నప్పుడు, 1 నిమిషం 26 సెకన్లు మిగిలి ఉండగా, ఆయన తన సొంత 34 గజాల గీత దగ్గర నాలుగో డౌన్‌లో ఒక గజం కోసం ఆడించారు. నిక్స్ గాయంతో బయట ఉన్నాడు. పరుగెత్తిన ఆటగాడు కాలు జారి పడిపోయాడు. వాషింగ్టన్ ఫీల్డ్ గోల్ కొట్టి 37–34తో గెలిచింది. దాన్ని సమర్థించడం నాకు చాలా కష్టం. స్కోరు సమంగా ఉంది, ప్రధాన క్వార్టర్‌బ్యాక్ లేడు, విఫలమైతే ఎదుటివారికి ఫీల్డ్ గోల్ దూరం చేతికి ఇచ్చినట్టే. 2023లో ఈ మూడు పరిస్థితులూ తలకిందులు. కానీ ఒరెగాన్ అభిమానికి ఆ తేడాలు కనిపించవు, పాత గాయం మళ్లీ రేగినట్టే ఉంటుంది. అది నాకు అర్థమవుతుంది.

ఈ చర్చల్లో ఎవరూ ఎత్తని విషయం ఒకటి నాకు పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ (ఎదుటివారిని పడదోయకుండా నడుముకు కట్టిన గుడ్డ లాగి ఆపే ఆట) జట్టుకు సహాయక కోచ్‌గా పనిచేస్తుండగా తెలిసింది. మా పిల్లల ఆటలో తన్నడం ఉండదు. నాలుగో ప్రయత్నం వద్దనుకుంటే బంతి ఎదుటి జట్టుకు వాళ్ల 5 గజాల గీత దగ్గర వెళుతుంది. ఆడాలా వద్దా అన్నది నాలుగో ప్రయత్నం వచ్చాక ఆలోచించే విషయం కాదు, మూడో ప్రయత్నానికి ముందే తేల్చుకోవాలి. నాలుగోది ఉందని ముందే తెలిస్తే మూడోదాంట్లో మొత్తం దూరం కోసం తాపత్రయపడనక్కర్లేదు, సగం తెచ్చుకుంటే చాలు. అది పిల్లలకు చెప్పాక వాళ్ల ఆటలోని కంగారు తగ్గిపోయింది. లానింగ్ జట్టుకు నాలుగు ప్రయత్నాలున్నాయని వాళ్లకూ తెలుసు, ప్రత్యర్థికీ తెలుసు. చివర్లో హఠాత్తుగా పంట్ చేయించే కోచ్ అయితే అంతకు ముందు ఆ ప్రత్యర్థి మీద ఉన్న ఒత్తిడి అంతా పోతుంది. ఒరెగాన్ ఆ ఏడాది అంత బాగా దాడి చేయడానికి ఇదీ ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఓడిపోయిన సాహసాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది టామ్ ఆస్బార్న్‌ది. 1984 జనవరి 2న ఆరెంజ్ బౌల్‌లో ఆయన నెబ్రాస్కా జట్టు దేశంలో మొదటి స్థానంలో ఉంది, ఆ సీజన్‌లో ఒక్క ఆటా ఓడలేదు. టచ్‌డౌన్ చేసి మయామీ 31 పాయింట్లకు దగ్గరగా 30కి చేరుకుంది, 48 సెకన్లు మిగిలాయి. అప్పట్లో కాలేజీ ఆటకు అదనపు సమయం లేదు. ఒక పాయింటు కిక్ కొడితే ఆట సమం, జాతీయ టైటిల్ దాదాపు ఖాయం. ఆయన గెలుపు కోసం రెండు పాయింట్ల ప్రయత్నం చేయించారు. టర్నర్ గిల్ విసిరిన బంతిని మయామీ ఆటగాడు కెన్నీ కాల్‌హూన్ వేళ్లతో తాకాడు, అది నేలపాలైంది. టైటిల్ మయామీకి వెళ్లింది. ఆస్బార్న్ తొలి జాతీయ టైటిల్ కోసం 1994 సీజన్ దాకా ఎదురుచూశారు. ఆయనది ధైర్యమంటూ నేటికీ గౌరవంగా చెప్పుకుంటారు. లానింగ్‌ది గెలుపు అవకాశాన్ని పెంచే నిర్ణయం, ఆస్బార్న్‌ది తగ్గించి కూడా గౌరవం కోసం తీసుకున్న నిర్ణయం. నాకు ఆస్బార్న్ అంటే చాలా ఇష్టం, కానీ లెక్కలో లానింగ్‌దే పైచేయి.

మీ రెండో ప్రశ్న, మారారా అన్నది. ఆ రోజే ఓటమి బాధ్యత నూటికి నూరు పాళ్లు తనదేనని ఆయన చెప్పారు. ఆటగాళ్ల మీదకో, కిక్కర్ మీదకో నెట్టలేదు. కానీ పిరికిగా మాత్రం మారలేదు. 2024 అక్టోబరు 12న యూజీన్‌లో ఓహియో స్టేట్ మీద 32–31తో ముందుండి, 10 సెకన్లు మిగిలినప్పుడు ఒరెగాన్ తరఫున పదకొండు మంది బదులు పన్నెండు మంది రక్షణలో నిలబడ్డారు. జరిమానా ఐదు గజాలే, కానీ ఆ ప్రయత్నంలో నాలుగు సెకన్లు ఖర్చయ్యాయి. ప్రత్యర్థికి మిగిలింది ఆరు సెకన్లు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ పరుగెత్తి జారి కూర్చునేసరికి సమయం అయిపోయింది. అది పొరపాటు కాదని, ముందే ఆలోచించి పెట్టుకున్నదని లానింగ్ తర్వాత సూచనప్రాయంగా చెప్పారు. కొద్ది రోజుల్లోనే అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఆ లొసుగును మూసేసింది. ఇప్పుడు ఎవరైనా అలా చేస్తే పోయిన సెకన్లను గడియారంలో తిరిగి కలుపుతారు.