ముందు కుమ్మరి సారె, ఆ తర్వాతే సోడా బట్టీ

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడు చదువుతోంది. వేసవిలో పుదుచ్చేరి దగ్గర పది రోజుల కుండల వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చింది. అప్పటి నుంచి ఒకటే పట్టు: డిగ్రీ మానేసి సోడా ఫైరింగ్ (బట్టీలోకి సోడా చల్లి కుండలు కాల్చడం) స్టూడియో పెడుతుందట, మిద్దె మీద గ్యాస్ బట్టీ కట్టించాలట. ఇంటర్లో అన్ని మార్కులొచ్చిన పిల్ల మట్టి పిసుకుతుందా అని చుట్టాలు నవ్వుతున్నారు. ఇది బతుకుతెరువు అవుతుందా? అప్పు చేసైనా కట్టించమంటారా? – ఒక తండ్రి

జవాబు: చుట్టాల మాట వదిలేయండి. అప్పు మాత్రం చేయొద్దు, డిగ్రీ మాన్పించొద్దు, మిద్దె మీద బట్టీ అసలే వద్దు. అమ్మాయి మనసు విరచాలని కాదు, ఆమె ఎంచుకున్న పని అలాంటిది.

మన ఊళ్లలో కుమ్మరి ఆవం వేడి మామూలుగా వెయ్యి డిగ్రీలు దాటదు. సోడా ఫైరింగ్‌లో స్టోన్‌వేర్ మట్టిని, అంటే కాలితే రాయిలా గట్టిపడే మట్టిని, 1,250 నుంచి 1,300 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. ఆ వేడి మీద చాకలి సోడానో వంటసోడానో వేడినీళ్లలో కలిపి బట్టీలోకి చల్లుతారు. సోడియం ఆవిరి మంటతో పాటు తిరుగుతూ, మట్టిలోని సిలికా, అల్యూమినాలతో కలిసి కుండ ఒంటి మీదే గాజు పొర కడుతుంది. మంట తగిలిన వైపు నారింజ తొక్కలా బుడిపెలతో నిగనిగలాడుతుంది. చాటున పడ్డ వైపు పొడిగా, ఎర్రగా మిగులుతుంది. ఏ రెండు కప్పులూ ఒకేలా రావు. జర్మనీలో వందల ఏళ్లు ఉప్పు చల్లి ఇలాగే చేశారు. ఉప్పుతో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుందని, 1970లలో అమెరికాలో కొందరు సోడాకు మళ్లారు. అలాంటి బట్టీ తలుపు తీస్తుంటే చూసిన పిల్ల ఇంటికొచ్చి పుస్తకం తెరవలేదంటే నాకేమీ ఆశ్చర్యంగా లేదు.

చిక్కల్లా ఏమిటంటే, సోడా కుండలతో ఆగదు, బట్టీనీ తింటుంది. గోడల ఇటుకలు, కుండలు పేర్చే పలకలు ఫైరింగ్ ఫైరింగ్‌కీ అరుగుతాయి. ప్రతిసారీ పలకలు గీకి అల్యూమినా పూత వేయాలి. కుండ అడుగున అల్యూమినా, చైనా క్లే కలిపిన చిన్న ఉండలు పెట్టకపోతే పలకకు అతుక్కుని ఊడిరాదు. కరెంటు బట్టీలో చేద్దామంటే కాయిల్స్ పాడవుతాయి. పోనీ సోడా పని లేనప్పుడు అదే బట్టీలో మామూలు గ్లేజు (ముందే పూసే గాజు పూత) కప్పులు కాల్చుకుందామా అంటే, గోడలకు పట్టిన సోడా మళ్లీ ఆవిరై వాటి మీదా వాలుతుంది. అంటే ఇది ఒకే పనికి పనికొచ్చే బట్టీ. ఇక అన్ని గట్టి ఇటుకల బరువు మిద్దె మీద, వరసగా గ్యాస్ సిలిండర్లు, పక్కింటి కిటికీ ఎదురుగా చిమ్నీ... మీరే ఊహించుకోండి.

సంపాదన సంగతి. ఎనభై కప్పులు పేరిస్తే అరవై అమ్మకానికి నిలిచాయనుకుని, గ్యాసు, మట్టి, పలకలు, తన కూలీ, ప్యాకింగ్ అన్నీ వేసి కప్పు ఎంతకు పడుతుందో అమ్మాయినే కాగితం మీద లెక్క కట్టమనండి. ఆ ధరకు కొనే పదిమంది ఎవరో కూడా రాయమనండి. నేను చూసిన స్టూడియోల్లో తొలి ఏళ్లలో నెల గడిపేది కుండలు కాదు, వారాంతపు క్లాసులే. తర్వాత కేఫ్‌లు, హోటళ్ల ఆర్డర్లు. సోడా కుండలకు అసలు గిరాకీ ఎగ్జిబిషన్లలోనే, అక్కడ పేరు రావడానికి ఏళ్లు పడుతుంది.

కెమిస్ట్రీ వృథా పోతుందని మీరు బెంగపడుతున్నారు, అడ్డమని అమ్మాయి అనుకుంటోంది. ఇద్దరిదీ పొరపాటే. బట్టీలో వేడి ఎంత పనిచేసిందో వంగి చూపించే కోన్‌లను 1886లో తెచ్చిన హెర్మన్ జేగర్ రసాయన శాస్త్రవేత్తే. గ్లేజు లెక్కలు ఈనాటికీ ఆయన పేరు మీదున్న ఫార్ములాతోనే వేస్తారు. మోల్ లెక్క వచ్చిన పిల్ల అక్కడ నలుగురి కంటే ముందుంటుంది.

డిగ్రీ అయ్యేలోపు సెలవుల్లో హిమాచల్‌లో కుండల పనికి పేరున్న ఆంద్రెట్టా ఊరు లాంటి చోట పునాది నేర్చుకోవచ్చు. డిగ్రీ తర్వాత అసలు చదువు ఒక గురువు దగ్గర ఏడాదో రెండేళ్లో పనిచేయడమే. అందుకు పుదుచ్చేరి, ఆరోవిల్ ప్రాంతమే మేలు. 1971లో కుండల కళాకారులు రే మీకర్, డెబొరా స్మిత్ పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చినవాళ్లు చాలామంది ఆ చుట్టుపక్కలే వర్క్‌షాపులు నడుపుతున్నారు. డిజైన్ వైపు మనసుంటే అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో సిరామిక్, గ్లాస్ డిజైన్ ఉంది, అర్హతలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. పదో తరగతప్పుడే అడిగి ఉంటే గూడూరు ప్రభుత్వ సిరామిక్ పాలిటెక్నిక్ చెప్పేదాన్ని. అయితే ఆ చదువు దారి ఎక్కువగా ఫ్యాక్టరీల వైపు.

బట్టీకి అనుకున్న డబ్బులో కొంత పెట్టి ఓ కరెంటు సారె కొనివ్వండి. ఒకే కొలతలో వంద గిన్నెలు చేయమనండి. ప్రతిదాన్నీ తీగతో నిలువునా కోసి, గోడ మందం చూసుకుని, మళ్లీ ముద్ద చేసేయాలి. ఒక్కటీ కాల్చకూడదు. ఎండిన మట్టిని చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి, సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. వందో గిన్నె కోశాక కూడా సోడా ఫైరింగే కావాలంటే, బట్టీ ఉన్న స్టూడియోలో కొంత చోటు అద్దెకు అడిగి తన కుండలు పేర్చుకోమనండి. అప్పుడు మళ్లీ ఉత్తరం రాయండి.