సర్వర్‌లోకి నేరుగా రూట్‌గా లాగిన్ అయితే తప్పేంటి? ప్రతిదానికీ సుడో కొట్టడం చాదస్తం కాదా?

ప్రశ్న అడిగినవారు కొత్తగా ఒక వీపీఎస్, అంటే నెట్ మీద అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్, అద్దెకు తీసుకున్నారట. వీడియోల్లో అందరూ రూట్‌గా, అంటే లినక్స్‌లో అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా, ఎక్కి చకచకా పని కానిచ్చేస్తున్నారు, మధ్యలో మామూలు యూజర్ ఒక్కో కమాండ్‌ని రూట్ హక్కులతో నడిపే ఈ సుడో గోల ఎందుకు, దూరపు మెషీన్‌లోకి ఎక్కించే ఎస్‌ఎస్‌హెచ్‌కి పోర్టు, అంటే తలుపు నంబరు, మార్చాలా వద్దా అన్నది వారి సందేహం.

సూటిగా అయితే, రూట్‌గా నేరుగా వద్దు. మీ పేరుతో ఒక యూజర్‌ని పెట్టుకోండి, పాస్‌వర్డ్ బదులు కీతో, అంటే మీ ల్యాప్‌టాప్‌లో దాచుకునే రహస్య ఫైల్‌తో, లోపలికి వెళ్లండి, అవసరమైన చోట సుడో వాడండి. ఈ మాట ఎవరైనా చెప్తారు. నాకు చెప్పాలనిపించింది వేరే సంగతి. సుడో ఉంది కదా, అదే కాపాడుతుందని మాత్రం ధీమాగా ఉండకండి. నన్ను కాపాడలేదు. పైగా ముంచింది.

కొన్నేళ్ల కిందట విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ వాళ్ల బిల్లింగ్ సర్వర్ నేను చూసుకునేవాణ్ణి. సర్వర్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. క్యాషియర్ టేబుల్ కింద ఒక నల్ల టవర్, అందులో ఉబుంటు అనే లినక్స్, పక్కన యూపీఎస్, రెండింటి మీదా దుమ్ము. అంతే. సంక్రాంతికి అమలాపురం దగ్గర మా ఊరు వెళ్లాను. తెల్లారితే భోగి అనగా, రాత్రి పదకొండున్నరకి బ్యాకప్ ఫెయిలైందని మెయిల్ వచ్చింది. మా ఇంట్లో సిగ్నల్ అందేది డాబా మీద, అదీ వాటర్ ట్యాంక్ పక్కన నిలబడితేనే. దుప్పటి కప్పుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఫోన్ హాట్‌స్పాట్ మీద సర్వర్‌లోకి ఎక్కాను.

డిస్క్ నిండిపోయి ఉంది. సుడో కొట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, పాత లాగ్ ఫైళ్లు తీసేసి, బ్యాకప్ మళ్లీ నడిపాను. అయింది. పది నిమిషాల పని. కింది నుంచి అమ్మ కేకేసింది. "ఒరేయ్, నాలుగింటికి మంట వెయ్యాలి, ఇంకా ఆ పెట్టె ముందేంట్రా!" వస్తున్నానంటూ ల్యాప్‌టాప్ ఆపేద్దామని చేతికి అలవాటైన ముక్క కొట్టాను. సుడో పవర్‌ఆఫ్. ఎంటర్.

ల్యాప్‌టాప్ ఆగలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, స్క్రీన్ వెలుగుతూనే ఉంది. అవతలి మెషీన్ కనెక్షన్ మూసేసిందని ఒక లైను, దాని కింద ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్ కొట్టే చోటికి ముందు కనిపించే ముక్కలో, నా ల్యాప్‌టాప్ పేరు. ఆ రాత్రి మొత్తంలో ఆ పేరు వైపు చూడటం అదే మొదటిసారి.

నేను ఆపింది విజయవాడ సర్వర్‌ని. రీబూట్ కొట్టి ఉన్నా బాగుండేది, పోయినా తిరిగొచ్చేది. పవర్‌ఆఫ్ అంటే పోవడమే. పెద్ద సర్వర్లలో ఐపీఎంఐ లాంటి ఏర్పాటు ఉంటుంది. అసలు మెషీన్ పడుకున్నా అందులో ఒక చిన్న చిప్ మేలుకుని ఉంటుంది, దానికి చెప్తే మనం బటన్ నొక్కినట్టే. టేబుల్ కింది టవర్‌కి అలాంటి వైభోగం ఎక్కడిది? నెట్‌వర్క్ మీంచి మెషీన్‌ని లేపే వేక్ ఆన్ ల్యాన్ ఉంది. కానీ దాన్ని తట్టి లేపడానికి అదే నెట్‌వర్క్‌లో ఇంకో మెషీన్ మేలుకుని ఉండాలి. రాత్రిపూట మిగతా కంప్యూటర్లన్నీ ఆపెయ్యాలని రూలు పెట్టింది నేనే.

పొద్దున్నే ఆరింటికి పండగ సరుకు వ్యాన్లకెక్కాలి, బిల్లు లేకుండా ఒక్క అట్టపెట్టె కదలదు. యజమానికి ఫోన్ చేసే ధైర్యం లేదు. వాచ్‌మన్ దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది. ఆయనకి చేశాను.

"బాబాయ్, లోపలికెళ్లి క్యాషియర్ టేబుల్ కింద చూడు. నల్ల డబ్బా ఉంటుంది. ముందు గుండ్రటి బటన్ ఉంటుంది, ఒక్కసారి నొక్కు."

"నల్ల డబ్బాలు రెండున్నాయి బాబూ."

"పెద్దది."

"రెండూ పెద్దవే."

"లైటు వెలుగుతున్నది ముట్టుకోకు. వెలగనిది నొక్కు."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఫోన్లో కుయ్ కుయ్‌మని ఒకటే మోత. "బాబూ, ఇది ఏడుస్తోంది." వెలుగుతున్నదే నొక్కాడు. అది యూపీఎస్. దాన్ని మళ్లీ నొక్కించి, మోత ఆగేదాకా పట్టుకోమని, తర్వాత రెండో డబ్బా దగ్గరికి తీసుకెళ్లేసరికి పన్నెండు దాటింది. చివరికి అన్నాడు. "నీలం లైటొచ్చింది బాబూ. లోపల ఏదో తిరుగుతోంది."

నేను ఎస్‌ఎస్‌హెచ్ కొడుతూనే ఉన్నాను. టైమ్‌డ్ అవుట్. టైమ్‌డ్ అవుట్. తర్వాత కనెక్షన్ రెఫ్యూజ్డ్. ఆ మాట చూసి ఎగిరి గంతేసిన మనిషి బహుశా నేనొక్కణ్ణే. టైమ్‌డ్ అవుట్ అంటే ఇంట్లో అలికిడి లేదని. రెఫ్యూజ్డ్ అంటే మనిషి లేచాడు, తలుపు గడియ ఇంకా తియ్యలేదని. అర నిమిషంలో తీశాడు. కనుమ మర్నాడు ఆఫీసుకెళ్తే టవర్ బటన్ మీద కుంకుమ బొట్టుంది. మళ్లీ అవసరమైతే తికమక పడకుండా వాచ్‌మన్ పెట్టుకున్న గుర్తు.

ఇప్పుడు మీ సుడో దగ్గరికి వద్దాం. పవర్‌ఆఫ్ కొట్టినప్పుడు అది పాస్‌వర్డ్ అడగాలి కదా, ఎందుకు అడగలేదు? లాగ్‌లు తీసేటప్పుడు ఒకసారి ఇచ్చాను. ఉబుంటులో సుడో మామూలుగా ఆ పాస్‌వర్డ్‌ని 15 నిమిషాలు గుర్తుంచుకుంటుంది. నేను ఆ గడువులోనే ఉన్నాను. ఇంకో దరిద్రం, సొంత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాడికి దాన్ని ఆపడానికి అసలు సుడోయే అక్కర్లేదు. ఉత్త పవర్‌ఆఫ్ చాలు. అదే ఉత్త ముక్క రిమోట్ మెషీన్‌లో కొట్టి ఉంటే పాస్‌వర్డ్ దగ్గర ఆగేది, నాకు మెలకువ వచ్చేది. ప్రతి కమాండ్‌కీ ముందు సుడో తగిలించే జబ్బు వల్లే ఆ ఒక్క అడ్డం కూడా లేకుండా పోయింది.

ఈ జబ్బు మనకి అంటించింది కోచింగ్ సెంటర్లు, వీడియోలు. అమీర్‌పేటలో నేను నేర్చుకున్నప్పుడు సు అంటే ఏంటి, సుడో అంటే ఏంటి అని ఫుల్ ఫామ్‌లు బట్టీ పట్టించారు. ఇంటర్వ్యూల్లో అడిగారు కూడా. ఏ మెషీన్ మీద ఉన్నావో ముందు చూసుకోమని ఒక్కరూ చెప్పలేదు. పర్మిషన్ డినైడ్ అని వస్తే చాలు, సీహెచ్‌మాడ్ 777 కొట్టు, అంటే ఆ ఫైల్‌ని అందరికీ తెరిచెయ్యి, అంటారు. వద్దని మెషీన్ చెప్తుంటే ఎందుకు వద్దంటోందో ఆలోచించాలి గానీ, ఇంటికున్న తలుపులన్నీ ఊడబెరుకుతారా?

సుడో అడిగేదల్లా నువ్వెవరు, నీకు ఈ పని చేసే హక్కుందా అని. నువ్వెక్కడున్నావు అని అడగదు. దానికి కారణం దాని పుట్టుకలోనే ఉందని నా నమ్మకం. 1980 ప్రాంతంలో బఫెలోలోని న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీలో బాబ్ కాగెషాల్, క్లిఫ్ స్పెన్సర్ దాన్ని వాక్స్-11/750 అనే కంప్యూటర్ మీద రాశారు. బీరువాలాంటి మెషీన్ ఒకటి, దానికి తగిలించిన తెరలు, కీబోర్డులు. ఎక్కడున్నావు అనే ప్రశ్నే అక్కడ పుట్టదు. ఆ ప్రశ్న నెట్‌వర్క్‌లతో వచ్చింది. దూరపు మెషీన్‌లోకి ఎక్కడానికి అప్పట్లో వాడే టెల్నెట్‌లో పాస్‌వర్డ్ తీగ మీద పచ్చిగా పోయేది. హెల్సింకిలో తన యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించారని 1995లో తాతు ఉలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. దొంగల బాధ తీరింది. కానీ ఎక్కడో ఉన్న మెషీన్ మన ఒళ్లోనే ఉన్నట్టు అనిపించడం మొదలైంది. అదే నల్ల తెర, అవే అక్షరాలు.

నేనొక్కణ్ణే తెలివితక్కువవాణ్ణని అనుకోకండి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో చెరపాల్సిన డైరెక్టరీని అసలు సర్వర్‌లో చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలో గుర్తుపట్టి ఆపాడు, అయినా 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. ఆరు గంటల డేటాబేస్ మార్పులు పోయాయి. వాళ్లే ఆ సంగతి బయటపెట్టి, బాగుచెయ్యడం లైవ్‌లో చూపించారు, అందుకు మెచ్చుకోవాలి. ఆ రెండు మెషీన్ల పేర్లలో తేడా ఒక్క అంకె. ఒకటి డీబీ1, ఇంకోటి డీబీ2. కవల పిల్లలకి కూడా మనం అంత దగ్గరి పేర్లు పెట్టం.

అప్పట్నుంచి నా సర్వర్లకి ఊరి పేరుతో కలిపి పేర్లు పెడుతున్నాను. సర్వర్‌లో ప్రాంప్ట్ ఎర్ర రంగు, ల్యాప్‌టాప్‌లో పచ్చ. డెబియన్, ఉబుంటుల్లో మోలీ-గార్డ్ అని ఒక చిన్న ప్యాకేజీ ఉంది, అది తప్పనిసరి. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండి పవర్‌ఆఫ్ గానీ రీబూట్ గానీ కొడితే, ముందు ఈ మెషీన్ పేరు టైప్ చెయ్యి అంటుంది. తప్పు పేరు కొడితే కదలదు. ఒక ప్రోగ్రామర్ గారి పసిపాప మోలీ పెద్ద కంప్యూటర్ ఎర్ర స్విచ్‌ని ఒకే రోజు రెండుసార్లు నొక్కేసిందట. దాని మీద ప్లాస్టిక్ మూత బిగించారట. పేరు అక్కణ్ణుంచి వచ్చింది.

రూట్ సంగతి మర్చిపోలేదు. రూట్ అనే పేరు ప్రతి లినక్స్ మెషీన్‌లోనూ ఉంటుంది కాబట్టి బాట్‌లు, అంటే దొంగ లాగిన్ ప్రోగ్రాములు, ముందు దాన్నే ప్రయత్నిస్తాయి. మీ వీపీఎస్‌లో లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఆథ్ లాగ్ తెరిచి చూడండి, మీరు అద్దె కట్టిన మొదటి రోజు నుంచే రూట్ పేరుతో తలుపు తడుతుంటారు. ఉబుంటు మొదట్నుంచీ రూట్ పాస్‌వర్డ్‌ని తాళం వేసే ఇస్తుంది. లినక్స్‌లో మామూలుగా ఉండే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కూడా 2015లో వచ్చిన 7.0 నుంచి, మనం మార్చుకుంటే తప్ప, రూట్‌ని పాస్‌వర్డ్‌తో రానివ్వదు. ముగ్గురు కలిసి పనిచేసే చోట అందరూ రూట్‌గా ఎక్కితే, రేపు ఏదైనా పోయినప్పుడు లాగ్‌లో రూట్ అనే ఉంటుంది, ముగ్గురూ నేను కాదంటారు. అది చూశాను కూడా. ఎవరికి సుడో హక్కుందో రాసుండే సుడోయర్స్ ఫైల్‌ని మార్చాల్సి వస్తే విసుడో అనే కమాండ్‌తోనే మార్చండి, తప్పు రాస్తే సేవ్ చేసేముందే పట్టుకుంటుంది.

పోర్టు మార్చాలా అన్నారు. 21 ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది, 23 టెల్నెట్‌ది, మధ్యలో 22 ఖాళీగా ఉందని ఉలోనెన్ అడిగి తీసుకున్నాడు. మారిస్తే దొంగలు ఆగరు గానీ లాగ్‌లో రొద తగ్గుతుంది. కొత్త ఉబుంటుల్లో పోర్టు మీద కూర్చునేది ఎస్‌ఎస్‌హెచ్ కాదు, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ తెరిచే సాకెట్, ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కదాన్నే రీస్టార్ట్ చేస్తే పోర్టు మారకపోవచ్చు. ముందు ఫైర్‌వాల్‌లో కొత్త పోర్టు తెరవండి. ఉన్న విండో మూయకుండా ఇంకో విండోలో కొత్త పోర్టు మీద ఎక్కి చూడండి. ఎక్కగలిగితేనే పాతది మూయండి. వీపీఎస్ ఇచ్చినవాళ్ల కంట్రోల్ ప్యానెల్‌లో, ఎస్‌ఎస్‌హెచ్ లేకపోయినా మెషీన్‌ని చేరే కన్సోల్ అని ఒకటి ఉంటుంది, అది ఎక్కడుందో ఈ పూటే చూసిపెట్టుకోండి. మీకు ఫోన్ చెయ్యడానికి వాచ్‌మన్ కూడా ఉండడు.